హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎర్రనేలల్లో వేరు శిలీంధ్రాలు

సగం మొక్క వేరులోపల, సగం బయటి మట్టిలో బతుకుతూ, మట్టిలోని భాస్వరాన్ని మొక్కకు చేరవేసి, అందుకు బదులుగా మొక్క తయారు చేసిన చక్కెరనూ కొవ్వునూ తీసుకునే శిలీంధ్రాలను మైకోరైజా శిలీంధ్రాలు అంటారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు ఎర్రనేలల్లో వేరుశనగ, కంది, రాగి, మల్బరీ, చీనీ (బత్తాయి), చింత, వేప, తంగేడు వేళ్లలో ఉండేవి వీటిలో ఒక తెగకు చెందినవి. ఆ తెగ పేరు ఆర్బస్క్యులర్ మైకోరైజా. ఎరువుల కొట్లలోనూ వ్యవసాయ శాఖ కాగితాల్లోనూ దీన్ని పాత పేరుతో ‘వ్యామ్’ అనే అంటున్నారు. భూమి మీది నాళికాయుత మొక్కల జాతుల్లో 70 శాతానికి పైగా ఈ తెగ శిలీంధ్రాలతోనే పొత్తు పెట్టుకుంటాయి. ఆ శిలీంధ్రాల్లో ఇప్పటిదాకా వర్ణించిన జాతులు మాత్రం ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు వందల యాభై. ఆతిథ్యమిచ్చే మొక్కలు లక్షల్లో, అతిథులు వందల్లో ఉండటం ఈ పొత్తులోని మొదటి విశేషం.

నేల, వాన

ఈ మూడు పట్టణాలూ పడమటి కనుమల వానచాటున ఉన్నాయి. ఏడాది వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. నంది కొండల వైపు పుట్టిన పెన్న హిందూపురం పక్క నుంచీ, అదే దిక్కున పుట్టిన చిత్రావతి పుట్టపర్తి మీదుగా ధర్మవరం వైపుకూ సాగుతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం రెండింటిలోనూ కనపడేది ఇసుకే. గ్రానైట్, నైస్ రాళ్లు అరిగి ఏర్పడిన ఎర్ర చెల్క నేలలు, గరుసు నేలలు ఇక్కడ ఎక్కువ. లోతు తక్కువ, నీరు నిలవదు, సేంద్రియ పదార్థం స్వల్పం. ఆ ఎరుపు ఇనుము ఆక్సైడ్లది. భాస్వరాన్ని పట్టుకుని వదలనిదీ అదే ఇనుము. బస్తా డీఏపీ వేసినా అందులోని భాస్వరంలో చాలా భాగం కొద్ది వారాల్లోనే ఇనుము, అల్యూమినియంతో కలిసిపోయి మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. మట్టి పరీక్షలో మొత్తం భాస్వరం దండిగా కనిపించి, అందుబాటు భాస్వరం తక్కువగా రావడానికి కారణం ఇదే.

మట్టినీటిలో భాస్వరం బహు నెమ్మదిగా కదులుతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని పీల్చేశాక ఆ ఖాళీ త్వరగా నిండదు. నేల ఎండితే ఆ కాస్త కదలికా ఆగిపోతుంది. మైకోరైజా తంతువులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నవి. వేరు దూరలేని రేణువుల సందుల్లోకి అవి దూరి, ఖాళీ అయిన హద్దు దాటి కొన్ని సెంటీమీటర్ల అవతలి నుంచి భాస్వరాన్ని, జింకును లాక్కొస్తాయి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందున్న పాత అనంతపురం జిల్లా పొలాల్లో జింకు, బోరాన్, గంధకం లోపాలను విస్తృతంగా గుర్తించారు. కనుక ఈ శిలీంధ్రాల విలువను భాస్వరంతోనే తూచకూడదు.

పొత్తు నడిచే తీరు

‘మైకోరైజా’ అనే పేరు 1885లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ పెట్టాడు. ఆయన చూసింది అడవి చెట్ల వేళ్లను పైనుంచి తొడుగులా కప్పే వేరే తెగను. మన పంటల వేళ్లలో ఉండే తెగ మీద తొలినాళ్ల సమగ్ర సమీక్షల్లో ఒకటి 1939లో ఇ.జె. బట్లర్ రాశాడు. బిహార్‌లోని పూసాలో ఇంపీరియల్ మైకాలజిస్టుగా ఏళ్ల తరబడి పనిచేసి వెళ్లినవాడాయన. భారతదేశపు పంట తెగుళ్ల మీద పుస్తకం రాసిన మనిషే తెగులు కాని ఈ శిలీంధ్రం మీద కూడా కలం పట్టాడన్నది మన వృక్షశాస్త్ర పాఠాల్లో ఎందుకో కనపడదు.

భాస్వరం చాలని మొక్క వేళ్ల నుంచి స్ట్రైగోలాక్టోన్లు అనే రసాయనాలను వదులుతుంది. జొన్న చేలకు చేటు చేసే స్ట్రైగా అనే పరాన్న కలుపు విత్తనాలను మొలిపించేవిగా ఇవి 1966 నుంచీ తెలుసు. శిలీంధ్రాన్ని పిలిచేవి కూడా ఇవేనని 2005లో జపాన్‌లో తేలింది. పిలుపు అందుకున్న తంతువు కొమ్మలు వేసి, వేరు పైపొరను దాటి, లోపలి కణాల్లో చిన్న చెట్టు ఆకారంలో విచ్చుకుంటుంది. దాన్నే ఆర్బస్క్యూల్ అంటారు. ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది అక్కడే. దాని ఆయుష్షు కొద్ది రోజులు. అది కరిగిపోయాక అదే వేరులో మరోచోట కొత్తది పుడుతుంది. మొక్క తన కిరణజన్య సంయోగ ఫలంలో 4 నుంచి 20 శాతం దాకా ఈ శిలీంధ్రానికి ఇస్తుందని అంచనా. చిన్న ఖర్చేమీ కాదు. అందుకే భాస్వరం పుష్కలంగా దొరికినప్పుడు మొక్క పిలుపు తగ్గించేస్తుంది. ఎరువు ఎక్కువైతే వ్యామ్ తగ్గుతుందని రైతులకు చెప్పే మాటకు ఆధారం ఇదే. శిలీంధ్రాన్ని ఎరువు చంపదు, మొక్కే దానికి తలుపు మూస్తుంది.

ఈ శిలీంధ్రానికి మరో దారి లేదు. ఆకుల మీదా పేడ మీదా పెరిగే బూజుల్లా ఇది చచ్చిన పదార్థం తిని బతకలేదు. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సైతం మొక్క నుంచే తీసుకోవాలి. ప్రయోగశాలలో సీసాలో పెంచాలన్నా పక్కన బతికున్న వేరు ఉండాల్సిందే. స్కాట్లండ్‌లోని రైనీ శిలల్లో 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో ఆర్బస్క్యూల్ ఆకారాలు దొరికాయి. అంటే మొక్కలకు నిజమైన వేళ్లు రాకముందే ఈ పొత్తు ఉంది.

ఇసుక దిబ్బల నుంచి నేర్చుకున్నది

ఈ శిలీంధ్రాల వైవిధ్యం గురించిన జ్ఞానంలో మంచి భాగం సముద్ర తీరపు ఇసుక దిబ్బల నుంచి వచ్చింది. బ్రిటన్ తీరపు దిబ్బల గడ్డి వేళ్లను టి.హెచ్. నికల్సన్ 1960 ప్రాంతంలో పరిశీలించాడు. అమెరికా తూర్పు తీరాన ఆర్.ఇ. కోస్కే దశాబ్దాల పాటు ఇసుకను జల్లెడ పట్టి కొత్త జాతులను వెలికితీశాడు. మన వైపు మద్రాసు తీరపు ఇసుక మీద 1988లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి అధ్యయనం వెలువడింది. ఆ తర్వాత మంగుళూరు, గోవా విశ్వవిద్యాలయాల వాళ్లు పడమటి తీరాన్ని విస్తృతంగా గాలించారు. ఆంధ్ర తీరంలోనూ కనిపించే బాలబంది తీగ, రావణాసురుడి మీసాల గడ్డి వేళ్లలో ఈ పొత్తు ఉంది. సాటి తీర మొక్కలైన ఇలకూర కుటుంబం మాత్రం ఈ శిలీంధ్రాలను చాలావరకు దరిచేరనివ్వదు.

తీర ఇసుకకూ ధర్మవరం గరుసు నేలకూ కొన్ని పోలికలున్నాయి. రెండింట్లోనూ సేంద్రియ పదార్థం తక్కువ, నీరు నిలవదు, అందుబాటు భాస్వరం పిసరంత. తేడాలు కూడా అంతే ముఖ్యం. తీరంలో ఉప్పు, ఎగిరే ఇసుక. ఇక్కడ ఇనుము, నెలల తరబడి ఎండ. అన్నిటికీ మించి, దిబ్బ మీద ఎవరూ నాగలి పట్టరు. ఆ ఒక్క తేడా వల్ల రెండుచోట్లా శిలీంధ్రాల జాబితా ఎలా మారుతుందో కింద వస్తుంది.

దిబ్బలంటే సముద్రమే అక్కర్లేదు. ఇదే పాత అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో వేదవతి హగరి నది ఇసుకను గాలి ఎత్తిపోసి పొలాల మీద దిబ్బలు కట్టింది. దర్గా హొన్నూరు ఇందుకు పేరుపడిన ఊరు. ఆషాఢపు గాలికి ఇసుక కదిలి చేలల్లోకి వస్తుంది. అటువంటి ఇసుకను వేళ్లతో పాటు ఈ శిలీంధ్రపు తంతువులు కూడా పట్టి ఉంచుతాయి. కెనడాలో సటన్, షెపర్డ్ 1976లో దిబ్బ ఇసుకలో చిక్కుడు జాతి మొక్కలు పెంచి చూశారు. మైకోరైజా ఉన్న కుండీల్లో ఇసుక రేణువులు ముద్దలుగా అతుక్కున్నాయి. తంతువుల వల, దాని నుంచి వచ్చే జిగురు పదార్థాలు కలిసి చేసే పని ఇది. ఆ జిగురుకు 1996లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన సారా రైట్ ‘గ్లోమాలిన్’ అని పేరు పెట్టింది. ఆ పేరు కింద కొలిచేదంతా నిజంగా ఒకే ప్రొటీనా అన్న వాదన ఇంకా నడుస్తున్నా, తంతువులు రేణువులను కట్టిపడేస్తాయన్నది మాత్రం నిర్వివాదం.

జల్లెడలో ఏం కనపడుతుంది

మైకోరైజా వైవిధ్యాన్ని కొలిచే పాత పద్ధతి ఇప్పటికీ విశ్వవిద్యాలయాల్లో మొదటి పద్ధతే. గెర్డెమన్, నికల్సన్ 1963లో చెప్పినట్టు, పూత దశలో ఉన్న వేరుశనగ మొక్క మొదట్లోంచి వంద గ్రాముల మట్టి తీసి, బక్కెట్‌లో నీళ్లు పోసి కలియతిప్పి, గరుసు అడుక్కి దిగేదాకా కొన్ని సెకన్లు ఆగాలి. పైతేటను ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడల్లోకి వంచాలి. పై జల్లెడలో వేరుముక్కలు, ఆకు తుక్కు, రాయి పలుకులు నిలుస్తాయి. సుమారు 50 మైక్రాన్ల కన్నాలున్న అడుగు జల్లెడలో నిలిచిన మడ్డిని వడపోత కాగితం మీదికి తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎర్రటి బురద మధ్య గుండ్రటి పూసలు కనిపిస్తాయి. కొన్ని తేనె రంగు, కొన్ని ముదురు గోధుమ, కొన్ని పాల తెలుపు. ఇవి సిద్ధబీజాలు. శిలీంధ్ర ప్రపంచంలో ఇంత పెద్ద బీజాలు అరుదు. కొన్ని జాతులవి అర మిల్లీమీటరు దాకా ఉండి వట్టి కంటికే చుక్కలా కనపడతాయి. సూది మొనతో మెల్లగా నొక్కితే గోడ పగిలి లోపలి నూనె బొట్లు బయటికి వస్తాయి. గోడలో ఎన్ని పొరలున్నాయి, మెల్జర్ ద్రావణంలో ఏ పొర ఎర్రబడింది, తొడిమ ఎలా అతుక్కుంది అన్నవాటిని బట్టి జాతిని తేలుస్తారు.

వేళ్లకు వేరే వరస ఉంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మరగపెట్టి, రంగు పోగొట్టి, ట్రిపాన్ బ్లూ అద్దాలి. 1970లో ఫిలిప్స్, హేమన్ చెప్పిన పద్ధతి ఇది. తెల్లబడ్డ వేరులో శిలీంధ్రం ఒక్కటే నీలంగా నిలుస్తుంది. పొడుగ్గా సాగే తంతువులు, కణాల నిండా చిక్కటి ఆర్బస్క్యూళ్లు, నడుమ కోడిగుడ్డు ఆకారపు వెసికిల్ సంచులు కనపడతాయి. వేరు పొడవులో ఎంత శాతం నీలంగా ఉందో లెక్కించి దాన్నే ఆక్రమణ శాతంగా రాస్తారు.

ఈ శుష్క ఎర్రనేలల సాగు పొలాల్లో గ్లోమస్ బంధువర్గానిదే రాజ్యం. అకాలోస్పోరా తరచూ కనపడుతుంది. పెద్ద బీజాల గైగాస్పోరా, స్క్యుటెల్లోస్పోరా దున్నని నేలలో ఎక్కువ, దున్నిన నేలలో తక్కువ. బీజాలు గుత్తులుగా కట్టే స్క్లెరోసిస్టిస్ ఉష్ణమండలపు చెట్ల కింద దొరికే రకం. తీరపు దిబ్బల్లో గైగాస్పోరా కుటుంబం వెలిగిపోవడానికీ, చేలల్లో అది వెనకబడటానికీ కారణం వాటి బతుకుతీరులోనే ఉంది. గ్లోమస్ వర్గపు తంతువు తెగితే తెగిన ముక్కలు మళ్లీ అతుక్కోగలవు. వేరుముక్కలోని వెసికిల్ నుంచి కూడా కొత్త తంతువు లేస్తుంది. గైగాస్పోరా వర్గం వేరులో వెసికిల్ కట్టదు. దాని తంతువుల వల చిరిగితే మళ్లీ సిద్ధబీజం నుంచే మొదలుపెట్టాలి. ట్రాక్టరు కల్టివేటరు ఏడాదికి నాలుగైదుసార్లు తిరిగే పొలంలో ఏ వర్గం మిగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

తెలుగునాట ఈ జాతుల వర్గీకరణ మీద పనిచేసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. మనోహరాచారి ముఖ్యులు. పొరుగున బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డి.జె. బాగ్యరాజ్ బృందం పంటల మీద ప్రయోగాలను దశాబ్దాలుగా నడిపింది. హిందూపురం రైతుకు మట్టి విషయంలోనూ వాన విషయంలోనూ బెంగళూరు ఫలితాలు తీరాంధ్ర ఫలితాల కంటే దగ్గరివి. రాష్ట్రాల హద్దుకు ఇక్కడ అర్థం లేదు.

పేర్ల విషయంలో పాఠకుడు కాస్త ఓపిక పట్టాలి. పాత వ్యాసాల్లోని గ్లోమస్ మోసియే ఇప్పుడు ఫనెలిఫార్మిస్ మోసియే. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో ఈ శాస్త్రానికి పునాది వేసిన బార్బరా మోస్ పేరు అందులో నిలిచింది. గ్లోమస్ ఫాసిక్యులేటమ్ రైజోఫేగస్ ఫాసిక్యులేటస్ అయింది. 2001లో డీఎన్ఏ ఆధారంగా వీటిని గ్లోమెరోమైకోటా అనే వేరే వర్గంగా విడదీశారు. 2016లో మళ్లీ మరో పెద్ద వర్గంలోకి ఉపవర్గంగా చేర్చారు. జల్లెడలో కనపడని, బీజాలు కట్టని రకాలు వేళ్లలో ఉన్నాయని కూడా డీఎన్ఏ పరీక్షలే చూపించాయి. 2015లో ప్రపంచమంతటి నమూనాలను పోల్చిన అధ్యయనంలో గుర్తించిన రకాల్లో 93 శాతం ఒకటి కంటే ఎక్కువ ఖండాల్లో దొరికాయి. కాబట్టి పెనుకొండకే సొంతమైన వింత జాతి కోసం వెతకడం వృథా. ఏ పొలంలో ఏ జాతులు ఏ పాళ్లలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

శెనక్కాయ వేరు

పాత అనంతపురం జిల్లాలో వేరుశనగ ఒకప్పుడు 20 లక్షల ఎకరాల దాకా విస్తరించింది. అప్పట్లో దేశంలో మరే జిల్లాలోనూ ఈ పంట అంత ఉండేది కాదు. టీఎంవీ-2 నుంచి కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి దాకా రకాలు మారాయి కానీ వేరు తీరు మారలేదు. వాన పడ్డ మర్నాడు నెలన్నర మొక్కను మట్టితో సహా తవ్వి, నీళ్లలో కడిగి చూస్తే ఆ తీరు తెలుస్తుంది. తల్లివేరు నిలువుగా దిగుతుంది, పక్క వేళ్లు చీలే చోట గింజల్లాంటి బుడిపెలు ఉంటాయి. జొన్న వేరును కప్పే నూగు వంటిది మాత్రం కనపడదు. వేరుశనగకు వేరు నూగు ఒళ్లంతా రాదు, పక్కవేరు పుట్టే మొదట్లో మాత్రం కుచ్చులా వస్తుంది. నత్రజని బాక్టీరియా లోపలికి దూరేది కూడా ఆ చీలిక దగ్గరే. నూగు లేని వేరు భాస్వరం కోసం శిలీంధ్రపు తంతువుల మీద ఆధారపడక తప్పదు. బుడిపెల్లో నత్రజని పట్టడానికి భాస్వరం బాగా ఖర్చవుతుంది కనుక ఒక పొత్తు నడవాలంటే రెండోది నడవాలి.

మరి ఈ పంటే ఇన్నేళ్లు పండిన నేలలో ఈ శిలీంధ్రం పుష్కలంగా ఉండాలి కదా? ఇక్కడే లెక్క తిరగబడుతుంది. కదిరి-6 పంటకాలం 100 నుంచి 110 రోజులు. ముంగారు వానకు జులైలో విత్తితే నవంబరుకల్లా కట్టె పీకేస్తారు. శెనక్కాయను కోయరు, వేళ్లతో సహా పెరుకుతారు. కట్టె పశువుల మేతకు పోతుంది. దాంతో శిలీంధ్రం కాపురమున్న వేళ్లలో పెద్ద భాగం పొలం దాటిపోతుంది. ఆపై ఏడెనిమిది నెలలు నేల బోసిగా, బతికున్న వేరు ఒక్కటీ లేకుండా ఎండలో ఉంటుంది. వేసవి దుక్కి పైమట్టిని తిరగేస్తుంది. తన తిండికి వేరు తప్ప మరో దిక్కు లేని జీవికి ఏటా ఇన్ని నెలల పస్తు. సిద్ధబీజాలు ఈ ఎండను తట్టుకుంటాయి, కానీ కొత్త వేరును చప్పున అందుకునేది మట్టిలో చెక్కుచెదరని తంతువుల వల. అది చిరిగిపోతే మొదటి మూడు నాలుగు వారాలు మొక్క ఒంటరిదే. వంద రోజుల పంటకు అది చిన్న జాగు కాదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇదే సంగతిని 1987లో జె.పి. థాంప్సన్ రుజువు చేశాడు. ఏడాదికి పైగా బీడు పెట్టిన పొలాల్లో పొద్దుతిరుగుడు, మొక్కజొన్న భాస్వరం, జింకు లోపాలతో గిడసబారేవి. రోగం ఏమిటో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. నేలలో మైకోరైజా పడిపోవడమే కారణమని ఆయన తేల్చాడు. అనంతపురం చేలల్లో దిగుబడి పడిపోయినప్పుడల్లా వాన మీదికే నెపం పోతుంది. వాన నిజంగా కారణమే. కానీ వాన పడ్డ ఏడు కూడా పంట అనుకున్నంత లేవకపోతే వేరులోకి చూడటం అలవాటు చేసుకోవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇందుకు విరుగుడు కూడా ఇక్కడే కనపడుతోంది. రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమంలో భాగంగా, తొలకరికి ముందే నవధాన్యాలు పొడిదుక్కిలో విత్తే పద్ధతిని ఈ జిల్లాల్లో ప్రచారం చేస్తున్నారు. ఏడాది పొడవునా నేల మీద పచ్చదనం ఉండాలన్నది దాని సూత్రం. ఆ కార్యక్రమం చెప్పే అన్ని మాటలకూ సమానమైన శాస్త్రీయ ఆధారం లేకపోవచ్చు. ఈ ఒక్క మాటకు మాత్రం మైకోరైజా శాస్త్రం పూర్తిగా అండగా నిలుస్తుంది. ఒక జాగ్రత్త ఉంది: నవధాన్యాల మిశ్రమంలో ఆవాలు, తోటకూర గింజలే ఎక్కువైతే లాభం తగ్గుతుంది. ఆవ కుటుంబం, తోటకూర కుటుంబం ఈ శిలీంధ్రానికి ఆతిథ్యమివ్వవు. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ బాగా ఇస్తాయి. ఇక్రిశాట్ 1985లో ప్రచురించిన సజ్జ అధ్యయనంలో ఒకే పంటలోని రకాల మధ్య కూడా ఆక్రమణ శాతంలో తేడాలు కనిపించాయి. విత్తనాల ఎంపికలో ఈ గుణాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం విచారకరం.

కంది, రాగి

శెనక్కాయ సాళ్ల మధ్య కంది సాలు వేయడం ఇక్కడి పాత అలవాటు. 1990లో ‘సైన్స్’ పత్రికలో ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త ఎన్. ఏ, సహచరులు దీనికి ఒక కారణం చూపారు. కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని, దాని బంధువులను వదిలి ఇనుముకు అతుక్కున్న భాస్వరాన్ని విడదీస్తుంది. పటాన్‌చెరు ఎర్రనేలలో భాస్వరం వేయని కుండీల్లో జొన్న, సోయా వంటివి నిలవలేకపోగా కంది నిలిచింది. మైకోరైజా ఇనుము బంధాన్ని తానుగా అంతగా విప్పలేదు, విడిపడ్డ భాస్వరాన్ని దూరం నుంచి ఏరుకొస్తుంది. రెండూ ఒకే సాలులో కలిసినప్పుడు పని పూర్తవుతుంది.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయం కలిసి రాగి, కంది జోడీ మీద చేసిన పని మరీ దగ్గరిది. లోతుకు దిగిన కంది వేరు రాత్రిపూట అడుగు తేమను పైకి తెచ్చి పైమట్టిలో వదులుతుంది. ఆ తేమ పక్కనున్న రాగికి చేరడంలో రెంటినీ కలిపే శిలీంధ్రపు తంతువులు తోడ్పడతాయని కుండీ ప్రయోగాలు చూపించాయి. బెంగళూరు, తమిళనాడులోని కొల్లి కొండల పొలాల్లో శిలీంధ్రాన్ని, మేలు చేసే బాక్టీరియాను కలిపి వేసినప్పుడు ఎరువు తగ్గించినా దిగుబడి పెరిగింది. కుండీలో నీరు కదిలినంత మాత్రాన చేలో ఎండు దుబ్బు నిలబడుతుందని ఇప్పుడే అనలేం. ఒక చెట్టు మరో చెట్టుకు శిలీంధ్రపు తీగల మీదుగా కబుర్లు పంపుతుందనే పత్రికా కథల జోలికి అసలే పోకూడదు. రాగి సంకటి తినే హిందూపురం పల్లెల్లో రాగి, కంది జోడీ తిరిగి నిలదొక్కుకోవడానికి దిగుబడి లెక్కే చాలు.

మల్బరీ, చీనీ

ధర్మవరం మగ్గాలకు పట్టు కావాలి, హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు కావాలి, పట్టుపురుగుకు మల్బరీ ఆకు కావాలి. ఈ గొలుసు అడుగున ఉన్నది మల్బరీ వేరు. శెనక్కాయ చేనుతో పోలిస్తే మల్బరీ తోట శిలీంధ్రానికి స్వర్గం. ఒకసారి నాటితే పదీ పదిహేనేళ్లు వేరు బతికే ఉంటుంది, నేలలో తేమ ఉంటుంది. కానీ రెండు ఇబ్బందులున్నాయి. రెండు నెలలకోసారి కొమ్మలన్నీ కోసేస్తారు, అలా కోసినప్పుడల్లా వేరుకు చేరే చక్కెర పడిపోతుంది. రెండోది ఎరువు. వి-1 రకానికి సాగునీటి కింద హెక్టారుకు ఏడాదికి 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాష్ సిఫారసు. అంత భాస్వరం చేతికందుతుంటే మొక్క శిలీంధ్రాన్ని పిలవాల్సిన పనేముంది? మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1990లలో ఈ ప్రశ్న మీదే పనిచేసింది. వ్యామ్ పట్టించిన మల్బరీలో భాస్వరపు మోతాదును బాగా తగ్గించినా ఆకు దిగుబడి, నాణ్యత తగ్గలేదని చూపింది. నర్సరీలోనే కడ్డీలకు శిలీంధ్రం పట్టించాలన్నది వాళ్ల మాట. వేరుకుళ్లుకు కార్బెండజిమ్ వంటి మందులు మొదట్లో పోసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ కుటుంబానికే చెందిన బెనోమిల్‌ను శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో మైకోరైజాను అణచడానికే వాడతారు.

చీనీ కథ వేరు. నిమ్మ జాతి వేళ్లకు నూగు తక్కువ, అందుకే ఈ శిలీంధ్రం మీద ఆధారపడటం ఎక్కువ. అమెరికాలో తెగుళ్లు పోవాలని నర్సరీ మట్టిని మందు పొగతో శుద్ధి చేస్తే నిమ్మ జాతి నారు పచ్చబడి గిడసబారింది. పోయింది తెగుళ్లు మాత్రమే కాదు, మైకోరైజా కూడా పోయిందని 1972లో క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ వివరించారు. మన నర్సరీల్లో అంటు మొక్కలు ప్లాస్టిక్ సంచుల్లో, తోట మట్టి కలపని మిశ్రమాల్లో పెరగడం మొదలైన తర్వాత ఈ సంగతికి కొత్త ప్రాణం వచ్చింది.

కొండలు, బీళ్లు

పెనుకొండ కొండ వాలులు, రామగిరి గుట్టలు, చెరువు కట్టలు ఈ ప్రాంతంలో దున్నని నేలకు నమూనాలు. తంగేడు, రేగు, సీతాఫలం, చండ్ర, వెంపలి, బోద గడ్డి అన్నీ ఈ శిలీంధ్రానికి నెలవులే. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చుట్టుపక్కల ఊళ్ల ఉమ్మడి బీళ్లను మంటల నుంచీ మేత నుంచీ కాపాడి కల్పవల్లి పేరుతో పచ్చబరిచింది. అక్కడ ఈత చెట్లూ గడ్డీ తిరిగి లేచినప్పుడు మట్టిలో మొదట కోలుకునేది ఈ తంతువుల వలే. ఈ శిలీంధ్ర జాతుల సంఖ్య పెరిగేకొద్దీ మొక్కల వైవిధ్యమూ దిగుబడీ పెరుగుతాయని 1998లో వాన్ డర్ హైడెన్ బృందం ‘నేచర్’లో చూపింది. నీలగిరి (యూకలిప్టస్) తోపుల్లో మాత్రం మరో తెగ కూడా కనపడుతుంది. వానల తర్వాత చెట్ల కింద పగిలి గోధుమ పొడి చిమ్మే పిసోలిథస్ బుడగలు ఆ వేళ్లను పైనుంచి కప్పే శిలీంధ్రపు కాయలు. ఊరి పిల్లలు వాటిని తన్ని ఆడుకుంటారు.

కొట్లో దొరికే వ్యామ్

ఈ శిలీంధ్రాన్ని పీపాల్లో పులియబెట్టి తయారు చేయడం కుదరదు. పాత పద్ధతిలో తొట్టెల్లో వర్మిక్యులైటు, ఇసుక పోసి, మొదటి శిలీంధ్రం చల్లి, జొన్న లేదా మొక్కజొన్న పెంచి, మూడు నెలల తర్వాత నీళ్లు ఆపి, వేళ్లను తరిగి ఆ మిశ్రమంతో కలిపేస్తారు. కొత్త పద్ధతిలో క్యారెట్ వేరును సీసాల్లో పెంచి దాని మీద రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్ అనే ఒక్క జాతిని పెంచుతారు. బెకార్డ్, ఫోర్టిన్ 1988లో దీనికి దారి వేశారు. కొట్లో దొరికే పొడుల్లో చాలావాటిలో ఉండేది ఈ ఒక్క జాతో రెండు జాతులో. అంటే సంచి కొన్నంత మాత్రాన చేలోకి వైవిధ్యం రాదు. మైకోరైజా జీవన ఎరువులను 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చి ప్రమాణాలు నిర్ణయించారు. అయినా ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ సరుకును పరీక్షించినప్పుడల్లా ప్రాణమున్న బీజాలు లేని సంచులు చాలానే బయటపడుతున్నాయి.

వాడకంలో తారతమ్యం స్పష్టం. టమాటా, మిరప, మల్బరీ, చీనీ వంటి నర్సరీ పంటల్లో మొక్కకు గుప్పెడు మిశ్రమం చాలు, వేరు పక్కనే పడుతుంది, ఖర్చు తక్కువ. శెనక్కాయ ఎకరాలకు ఎకరాలు చల్లే విత్తు. దానికి సంచులు మోయడం కంటే ఉన్న శిలీంధ్రాన్ని వేసవి గట్టెక్కించడం చవక. కంది సాలును ఫిబ్రవరి దాకా నిలపడం, గట్ల మీద బోదనూ తంగేడునూ నరకకుండా ఉంచడం, భాస్వరాన్ని మట్టి పరీక్షను బట్టి వేయడం, దుక్కుల సంఖ్య తగ్గించడం అందుకు దారులు. గడ్డ దినుసులైన ఉల్లి, వెల్లుల్లి ఈ శిలీంధ్రానికి మంచి ఆతిథేయులు. బోరు కింద ఉల్లి పండిన మడిలో తర్వాతి పంటకు శిలీంధ్రం సిద్ధంగా ఉంటుంది. క్యాబేజీ పండిన మడిలో ఉండదు. దేశంలో ఈ శిలీంధ్రాల సజీవ నమూనాలను ఢిల్లీలోని టెరి సంస్థ భద్రపరుస్తోంది. అమెరికాలో ఇన్వామ్ అనే సేకరణ వెస్ట్ వర్జీనియా నుంచి కాన్సస్ విశ్వవిద్యాలయానికి మారింది. జాతి గుర్తింపు మీద సందేహం వచ్చిన పరిశోధకులు ఆ నమూనాలతో పోల్చి చూసుకుంటారు.